మైనస్ పది

"ముందు మూడూ మోగుతున్నాయి,
ఎనక రెండూ మూగనోము పట్టాయి"
అని తవిటినాయుడి ఫోను.
రాయగడ రైల్వే కాలనీ, మూడో వరస,
గోడకి సున్నం కన్నా చెమ్మ ఎక్కువున్న క్వార్టరు.
గూడ్సు బండి నడిపే మనిషి.
బోనసు మొత్తం పోసి కొన్న హోమ్ థియేటరు.

నా వెంట వచ్చిన కుర్రాడు బుటు
వెనక స్పీకరుకి చెవి ఆనించి
"పఛరు కిఛి శుభునాహిఁ" అన్నాడు.
వాడిది ఒడియా, నాది తెలుగు,
ఇద్దరికీ కలిపి ఒకటే టెస్టరు.

మొదట తీగ చూడాలి.
సోఫా కింద దుమ్ములో
ఎండిన బఠాణీలూ ఒంటరి చెవిదుద్దూ దాటుకుంటూ
బోర్లా పాక్కుంటూ పోయాను.
ఎలక కొరికిందేమో అనుకున్నా. కొరకలేదు.
కుడి స్పీకరుకి మాత్రం ఎరుపూ నలుపూ తారుమారు.
మార్చాను.
దొరికిందనుకున్నాను.
దొరకలేదు.

కేబుల్లో వచ్చే సినిమాకి రెండే దారులు,
వెనక్కి పంపడానికి దాని దగ్గరేమీ ఉండదు,
లేనిది అడిగితే పెట్టె మాత్రం ఏమిస్తుంది?
చెప్పి చూశాను. నాయుడు వినలేదు.
బీరువాలోంచి డిస్కు తీసి పెట్టాడు.
అడివి. వాన.
వానంతా టీవీలోనే కురిసింది,
మా వీపులు తడవలేదు.

"నీకు తెల్దు మేస్త్రీ" అన్నాడు,
"యాభై ఎనిమిది వేగన్లు నా ఎనకుంటాయి.
కొరాపుట్ లైన్లో సొరంగం దాటితే సొరంగం.
ముందు కనపడేది రెండు పట్టాలు, అంతే.
బండి బాగుందో లేదో చెప్పేది ఎనకే.
ఎనక సప్పుడు ఆగిందంటే
నా చెయ్యి బ్రేకు మీదకి దానంతటదే పోద్ది.
ఇంట్లో కూర్చున్నా అంతే."
చెబుతుండగానే చూశాను,
ఆ చెయ్యి సోఫా చేతిని పట్టుకునే ఉంది.

అప్పుడు టెస్ట్ టోను పెట్టాను.
ఎడమ మూల ఇష్ష్ష్,
మధ్యన ఇష్ష్ష్,
కుడి మూల ఇష్ష్ష్.
పడుకున్న పిల్లల చుట్టూ తిరిగే తల్లిలా
ఆ చప్పుడు గదంతా నడిచి
సోఫా దాటగానే
చెప్పులు విప్పేసినట్టు మెత్తబడింది.

మెనూలోకి దిగాను.
వెనక ఎడమ: మైనస్ పది.
వెనక కుడి: మైనస్ పది.
ఏ యంత్రమూ ఇంత సమానంగా చెడిపోదు.
ఎవరో వేలు పెట్టి
ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దించారు.

వంటింటి గుమ్మంలో పారమ్మ,
రెండు చేతుల్లో నాలుగు టీ గ్లాసులు.
"నానే దించినాను" అంది, గ్లాసులు ఇవ్వకుండానే.
"ఈయన రేత్రి డూటీకెల్తే నాను ఆ డిస్కులే ఏసుకుంతాను.
ఎనకనించి అడుగుల సప్పుడొస్తాది.
వొచ్చీసినాడు కావాల అనుకుంతాను.
లెగుస్తాను. తలుపు తీస్తాను.
ఈదిలో కుక్క.
ఓ రేత్రి నాలుగుసార్లు లెగిసినాను.
ఐదోసారి నిజంగానే వొచ్చినాడు.
సినిమా అనుకుని తియ్యనేదు."

నాయుడు టీవీ వైపే చూస్తున్నాడు.
అక్కడ బొమ్మ ఎప్పుడో ఆగిపోయింది.
"ఆ రోజా" అన్నాడు కాసేపటికి,
"నిద్దరోయావనుకున్నా."

రిమోటు నా చేతిలో వేడెక్కింది.
సున్నాకి తెస్తే ఆవిడ లేస్తుంది,
పదిలోనే ఉంచితే ఈయన కుదురుండడు.
నా పని తీగల దగ్గరే అయిపోయిందని
రిమోటు సోఫా మీద పెట్టేశాను.
తీగ మార్చినందుకు నూట యాభై.
టీ తాగాం, చల్లారిపోయింది.

గుమ్మం దిగుతుంటే యార్డులో ఏదో గూడ్సు కదిలింది.
ఇంజను దగ్గర మొదలైన కుదుపు
కొక్కెం నుంచి కొక్కేనికి
టణ్, టణ్, టణ్ మని
కాలనీ వెనకనుంచి చివరి వేగను దాకా పాకింది.
లోపల ఇద్దరూ ఒకేసారి తల తిప్పారు.

బండి స్టార్టు చేస్తుంటే బుటు అడిగాడు,
"చివరికి ఎంతలో పెట్టావు?"
చూసుకోలేదన్నాను.